దామెర్ల రామారావుగారి చిత్రములు, వాని వెంట మిగిలిన కాగితములు

మన ప్రాంతపు బాలుడు మొట్టమొదట బొమ్మ గీయునది పలకమీద. ఆ పలకయు బహుశః మన మార్కాపురపు గనులనుండి తీసిన రాయియే. దానిమీది బొమ్మకు ఆయువు తడిగుడ్డ తగులువఱకే. కాగితముమీద గీచిన బొమ్మ సంగతి వేఱు. అది గీచినవాని తరువాత గూడ నిలువగలదు. కాని ఎవరో యొకరు శ్రద్ధతో నిలిపిననే గాని నిలువదు. ఈ రెండవ మాటను మనవారు తఱచుగా మఱతురు. కావున ఈ సంచికయందు మేము రాజమహేంద్రవరపు చిత్రకారులు దామెర్ల రామారావుగారిని గుఱించియు, ఆయన మిత్రమండలిని గుఱించియు, అట్టివారి కాగితములు మనకేమి చెప్పగలవను విషయమును గుఱించియు కొంత వ్రాయదలచితిమి. గోదావరి మనకు దూరమే. గుండ్లకమ్మ యొడ్డున గీచువానికిని ఈ కథతో పని యున్నది.

రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికపు వ్యాధిచే మరణించిరి. ఇరువదియెనిమిది యేండ్లు నిండుటకు ఇంకను ఒక నెల మిగిలియుండెను. బొంబాయిలోని సర్ జంషెట్జీ జీజీభాయి చిత్రకళాశాలలో 1916 మొదలుకొని 1920 వఱకు ఆయన శిక్షణ పొందిరి. అనగా చదువు ముగిసిన పిమ్మట ఆయన చేతికి దక్కినది అయిదేండ్ల కాలము మాత్రమే. ఆ యైదేండ్లలోనే పుష్పాలంకరణము, నందిపూజ, సిద్ధార్థ రాగోదయము, ఋష్యశృంగ బంధనము మొదలగు చిత్రములు పేరుకెక్కినవి. వానిలో కడపటిది కలకత్తా ప్రదర్శనమున బహుమానము నందినది.

ఆనాడు తెలుగుదేశమున చిత్రము నేర్వగోరువానికి రెండు దారులు కనబడుచుండెను. ఒకటి రవివర్మగారి తైలవర్ణముల దారి. రెండవది అవనీంద్రనాథ ఠాకూరుగారి వంగదేశపు దారి. బందరు ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీగారు ఈ రెండవదానినే బోధించుచుండిరి. రామారావుగారు దేనినిగాని పూర్తిగా అనుసరింపలేదు. బొంబాయిలో నేర్చిన శరీరనిర్మాణ జ్ఞానమును, అజంతా గోడలమీద చూచిన రేఖను ఒకచోట చేర్చిరి. మనుష్యుల చిత్రములకే ఆయనకు ఎక్కువ పేరు వచ్చినది. కాని తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చు గోదావరిని, ఆ కొండలను, నీటిమీది వెలుగును గీచిన ప్రకృతిదృశ్యములును ఆయన సృష్టిలో ముఖ్యభాగములు. మా యభిప్రాయమున ఆయన చేయి మిక్కిలి స్వేచ్ఛగా నడచినది వీనియందే.

ఆయనకు ఈ దృష్టి కలిగించినవారిలో ఒక ఆంగ్లేయుని తప్పక చెప్పవలెను. ఆస్వాల్డ్ కూల్డ్రేగారు 1909 మొదలు 1919 వఱకు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. ఆయన స్వస్థలము థేమ్సునది యొడ్డుననున్న అబింగ్డన్ పట్టణము. స్వయముగా కవి, నీటిరంగులతో ప్రకృతిదృశ్యములు గీయువారు. కళాశాలాధ్యక్షుడు ఒక పిల్లవాని చేతిలోని పెన్సిలును చూచి, వీనికి పుస్తకపుచదువుకంటె ఇదియే మేలని నిశ్చయించుట ఆ దినములలో, ఈ దినములలోను, సామాన్యము గాదు. రామారావుగారు బొంబాయికి వెళ్లుట కూల్డ్రేగారి ప్రోత్సాహమువలననే జరిగెను. అడివి బాపిరాజుగారును, కవికొండల వేంకటరావుగారును ఆయన శిష్యులే. స్వదేశమునకు మరలిన తరువాత ఆయన 1920లో ‘థేమ్స్ అండ్ గోదావరి’ యను పద్యగ్రంథమును, 1924లో ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అను గ్రంథమును ప్రకటించిరి. ఈ రెండవ గ్రంథము వెలువడిన మఱుసటి యేడే శిష్యుడు కన్నుమూసెను. గురువు 1958 వఱకు జీవించిరి.

ఇచట ఒక చిక్కును గమనింపవలెను. ఒక తెలుగు చిత్రకారుని బాల్యమును సరిగా తెలిసికొనగోరువాడు రాజమహేంద్రవరమునకు మాత్రమే వెళ్లిన చాలదు. ఆయన గురువు చేతివ్రాతలను, చిత్రములను వెదకుచు ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణమునకును పోవలెను. మనుష్యులు ఎచట మరణింతురో వారి కాగితములు అచటనే మిగులును. ఒకరు మఱియొకరికి వ్రాసిన జాబు, వ్రాసినవాని యింట నుండదు, అందుకొన్నవాని యింటనుండును. కావున ఒక చిత్రకారుని పత్రములను వెదకుట యనగా ఆయన మిత్రుల పెట్టెలను వెదకుట యని యర్థము.

రామారావుగారి విషయమున ఈ మిత్రులు, బంధువులు సామాన్యులు గారు. భార్య సత్యవాణిగారు స్వయముగా చిత్రములు గీచినవారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును అంతే. ఒక యింట ఇద్దరు స్త్రీలు కుంచె పట్టుట ఆ కాలమున ఎంత వింతయో చదువరులే యూహింపవచ్చును. వరద వేంకటరత్నముగారు ఆయనకు ప్రాణమిత్రులు. రామారావుగారు జీవించియుండగనే రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పిరి. ఆయన పోయిన పిమ్మట దానిని చెదరనీయక నడపినవారిలో వేంకటరత్నముగారు ముఖ్యులు. చిత్రములు నలుగురు కొనుగోలుదారుల యిండ్లకు చెదరిపోకుండ, దామెర్ల రామారావు చిత్రశాల యను పేర ఒక్కచోట నిలిచినవి. తరువాతి కాలమున ప్రభుత్వము దాని భారమును వహించెను. తైలవర్ణ చిత్రములే గాక, నీటిరంగుల చిత్రములును, పెన్సిలుతో గీచిన చిత్తుగీతలును, ఆ గీతల పుస్తకములును అచట నున్నవి.

అకాలమరణమును గూర్చి వగచుట మన వ్యాసకర్తలకు మిక్కిలి యలవాటు. వగపు ముగిసిన పిమ్మట, ఆయన గీచినవి ఎచట నున్నవి, ఎవరు కాపాడిరి అని అడుగువారు తక్కువ. సత్యవాణిగారును, వేంకటరత్నముగారును వగచుచు కూర్చుండియున్నచో నేడు వగచుటకు పేరు తప్ప మఱేమియు మిగులకపోయెడిది.

ఇక ఆ చిత్తుగీతల పుస్తకమువలన ప్రయోజన మేమి? పూర్తియైన చిత్రము చిత్రకారుడు మనకు చూపదలచినది మాత్రమే చూపును. చిత్తుపుస్తకము ఆయన తడబాటును, మార్చుకొన్న యాలోచనను, విడిచిపెట్టిన ప్రయత్నమును చూపును. ఒకే కొండను మూడు పుటలలో మూడు విధముల గీచియున్నయెడల, ఏ రేఖను నిలిపెనో, దేనిని తీసివేసెనో చూచి ఆయన కన్ను నడచిన త్రోవ తెలిసికొనవచ్చును. అటులే ప్రదర్శనపు పట్టికవలన ఏ చిత్రము ఏ యేట పూర్తియైనదో తెలియును. రంగులు కొన్న చీటివలన ఆయన దరిద్రమో కలిమియో తెలియును. చిత్రకళాశాల హాజరుపట్టివలన శిష్యులెవరో తెలియును. వార్తాపత్రికలో వచ్చిన మెప్పుకంటె ఇట్టి చిన్న చీటికి మేము ఎక్కువ విలువ నిత్తుము. మెప్పు వ్రాయువాడు తన్నుగూర్చియే సగము వ్రాయును. అంగడివాడు వ్రాసిన చీటి అట్లుగాదు.

అందుచేతనే పత్రాలయములందు ఒక నియమము కలదు. కాగితములు ఏ వరుసలో దొరకినవో ఆ వరుసను చెడగొట్టరాదు. పుస్తకములో దొరికిన జాబును ఆ పుస్తకముతోనే యుంచవలెను. అందముగా నుండునని తేదీల ప్రకారము పేర్చినచో, ఆ జాబును చిత్రకారుడు ఏ పుటయొద్ద నుంచెనను సాక్ష్యము పోవును.

కాగితమునకు శత్రువులు పెక్కుమంది. గుడ్డపీలికలతో చేసిన పాతకాగితము కఱ్ఱగుజ్జుతో చేసిన వార్తాపత్రిక కాగితముకంటె చిరకాలము నిలుచును; రెండవదానిలోని పులుపు దానినే తినివేసి, పసుపుపచ్చగా మార్చి, పెళుసు చేయును. ఎండ వెలుతురు నీటిరంగులను వెలయించును. గుండుసూది త్రుప్పుపట్టి చుట్టునున్న భాగమును కాల్చినట్లు చేయును. చెమ్మవలన బూజు, బూజు వెనుక పురుగు వచ్చును. చెదలను గుఱించి మన జిల్లావారికి చెప్పనక్కఱలేదు. మన పూర్వులు తాటాకు కట్టలలో వేపాకు నుంచి, గుడ్డలో చుట్టి, అటకమీద పెట్టుచుండిరి. అది మంచి పద్ధతియే. నేడు కొందఱు పాత కాగితమును ప్లాస్టిక్ పొరలమధ్య వేడితో అతికించి భద్రపఱచితిమని సంతోషించుచున్నారు. ఆ పొరను మరల తీయుట సాధ్యము గాదు. కావున అది చేయరానిపని.

ఇప్పుడు మన సీమకు వత్తము. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు కర్నూలునుండి వచ్చి చేరిన మార్కాపురము, గిద్దలూరు తాలూకాలలో చిత్రకారునికి విషయములు లేకపోలేదు. రెండు కొండల సందున గుండ్లకమ్మ నాపి కట్టిన కంభము చెఱువు కలదు. నల్లమల కనుమలగుండ నంద్యాలకు పోవు రైలుదారి కలదు. మార్కాపురపు చెన్నకేశవస్వామి యాలయ మంటపము కలదు. మన ప్రాంతము 1800లో కుంఫిణీవారికి దత్తమైన మండలములలోనిది. కర్నల్ మెకంజీ కాలమున ఆ మండలముల గ్రామములనుండి కైఫీయతులు వ్రాయించిరి. ఆయన కొలువులోని చిత్రలేఖకులు కొండలను, కోటలను, గుళ్లను గీచిరి. కైఫీయతులు మదరాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున, చిత్రములు పెక్కు లండను నగరమున చేరినవి. మెకంజీ పేరు, కావలి సోదరుల పేర్లు అందఱకు తెలిసినవే. ఆ బొమ్మలు గీచిన దేశీయులలో అనేకుల పేర్లు మాత్రము బొమ్మలమీద లేవు. చిత్రము దక్కినది, చిత్రకారుడు దక్కలేదు. రాజమహేంద్రవరమున రెండును దక్కినవి.

మన పాఠశాలలో చిత్రలేఖనము నేర్చువారు గీచిన ప్రతి కాగితపు వెనుకప్రక్క, పెన్సిలుతో, తమ పేరును, ఊరును, తేదీని, ఎదుట కనబడిన స్థలము పేరును వ్రాయవలెను. సిరాతో వ్రాసినచో ముందుప్రక్కకు దిగవచ్చును. పెన్సిలువ్రాత దిగదు, వెలయదు. ఇండ్లలో పాత ఉపాధ్యాయులు గీచిన బొమ్మలుగాని, చెఱువుకట్ట, రైలుస్టేషను, పాతబజారుల ఛాయాపటములుగాని యున్నవారు వానిని మడవక, అట్టల నడుమ చదునుగా నుంచి, పటములోనున్నవారెవరో పెద్దలను అడిగి వేఱొక చీటిమీద వ్రాసి జతపఱచిన చాలును.