మీకు తెలుసా? నగరం లేని కిక్కిరిసిన సీమ

2011 జనగణన ప్రకారం, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లా పరిధిలో చదరపు కిలోమీటరుకు 800 మందికి పైగా ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 308. పట్టణాల చలవేమో అనుకోవద్దు. 17 లక్షల పైచిలుకు జనంలో జిల్లా కేంద్రం అమలాపురం వాటా 53 వేలే. అసలు కారణం గోదావరి ఒండ్రు, దాన్ని తడిపే కాలువలు. రాజోలు, కొత్తపేట వైపు కొబ్బరి తోటలోనే ఇల్లు, చెట్ల నడుమ అరటి, కంద. చిన్న నేల చెక్క కూడా ఒక కుటుంబాన్ని ఆదుకుంటుంది. నది ఉంటే చాలదా అంటారేమో! 1832-33 నాటి నందన కరువులోనూ గోదావరి ఇక్కడే ఉంది, అయినా ఈ ప్రాంతంలో జనం ఆకలితో రాలిపోయారు. నీటిని పొలాలకు మళ్లించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో గానీ పూర్తి కాలేదు.