వేలం పాట దాకా పోనివ్వకుండా

2007 తర్వాత నాలుగైదేళ్లపాటు అమెరికాలో లక్షలాది కుటుంబాల ఇళ్లు వేలానికి వెళ్లాయి. ప్రభుత్వం వాటిని కాపాడాలా, కాపాడితే ఎలా అన్న వాదన అక్కడ గట్టిగా జరిగింది. ఆ వాదనలో వినిపించిన మాటలే మన వీధిలో ఎవరి గేటుకైనా బ్యాంకు నోటీసు అంటించిన రోజున మనమూ అంటాం. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని బొత్తిగా అబద్ధాలు. వాటి దెబ్బ అందరికంటే ఎక్కువ తగిలింది మాత్రం ఇల్లు పోయినవాళ్లకే.

అపోహ: తాహతుకు మించి కొన్నవాళ్లే మునిగారు. వాళ్లను ఆదుకోవడమంటే దురాశకు బహుమతి ఇవ్వడమే.

అలాంటివాళ్లు లేకపోలేదు. అయితే వాళ్లకు అంటగట్టిన అప్పు ఎలాంటిదో కూడా చూడాలి. మొదటి రెండేళ్లు వడ్డీ తక్కువ, మిగతా ఇరవై ఎనిమిదేళ్లు ఆరు నెలలకో ఏడాదికో మారే వడ్డీ. ‘రెండేళ్లయ్యాక ఈ అప్పు తీర్చి కొత్త అప్పుకు మారిపోవచ్చు’ అని ఏజెంట్లు నమ్మబలికారు. ఇళ్ల ధరలు పడిపోయేసరికి కొత్త అప్పు ఇచ్చేవాడు లేకుండా పోయాడు. ఆపైన ఉద్యోగాలు ఊడాయి. 2009 అక్టోబరుకు నిరుద్యోగం 10 శాతానికి చేరింది. అప్పటికి మామూలు స్థిర వడ్డీ రుణం తీసుకుని, ఏళ్ల తరబడి ఒక్క వాయిదా తప్పనివాళ్లు కూడా తప్పడం మొదలుపెట్టారు.

అపోహ: ఒకరికి సడలింపు ఇస్తే అందరూ కట్టడం మానేస్తారు.

ఈ భయం పూర్తిగా ఉత్తిది కాదు. 2008లో కంట్రీవైడ్ అనే గృహరుణ సంస్థ రాష్ట్రాలతో రాజీ పడి, బకాయిదారులకు వాయిదాలు తగ్గిస్తామని ప్రకటించగానే, సక్రమంగా కడుతున్నవాళ్లలో కొందరు ఆపేశారని పరిశోధకులు గుర్తించారు. కానీ అలాంటివాళ్లు ఎందరు? ఇంటి విలువ అప్పుకంటే తక్కువకు పడిపోయినవాళ్ల ఎగవేతలను గనోంగ్, నోయెల్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఇంటి విలువ పడిపోయిందన్న ఒక్క కారణంతో ఆపేసినవి 6 శాతమే. 70 శాతం కేవలం జీవితంలో వచ్చిపడిన కష్టం వల్ల, అంటే ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం, విడాకుల వంటివాటి వల్ల తప్పినవి. మిగతా 24 శాతంలో రెండు కారణాలూ కలిశాయి. ఆ ఆరుగురికి భయపడి తొంభై నాలుగు మందిని వీధిన పడేసే విధానం న్యాయం అనిపించుకోదు. దొంగ బకాయిదారులను ఏరడానికి దారులున్నాయి: ఆదాయం రుజువు అడగడం, తగ్గించిన వాయిదాను మూడు నెలలు వరసగా కట్టి చూపమనడం. ఇంటి అప్పుల వాయిదాలు తగ్గించడానికి అమెరికా ప్రభుత్వం 2009లో తెచ్చిన ‘హ్యాంప్’ పథకంలో ఈ రెండూ ఉన్నాయి.

అపోహ: ఇదంతా ప్రజల సొమ్మును బూడిదలో పోయడం.

1933లో అమెరికాలోనే ఇళ్లు ఇలా పోతుంటే రూజ్‌వెల్ట్ ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ పెట్టింది. అప్పట్లో ఇంటి అప్పులు చాలావరకు మూడు నుంచి అయిదేళ్లవి. గడువు తీరగానే అసలు మొత్తం ఒక్కసారే కట్టాలి. ఈ సంస్థ బ్యాంకుల దగ్గర్నుంచి అలాంటి అప్పులు సుమారు 10 లక్షలు తన మీదికి తీసుకుని, పదిహేనేళ్ల నెలవారీ వాయిదాలుగా మార్చింది. అయినా ప్రతి ఐదింటిలో దాదాపు ఒక ఇల్లు పోయింది. మిగతావి నిలిచాయి. 1951లో లెక్కలు మూసేసేటప్పటికి సంస్థకు నష్టం రాలేదు, కొద్దిగా మిగిలింది కూడా. దాని మంచి చెప్పినప్పుడు మచ్చ కూడా చెప్పాలి: నల్లజాతివారి పేటలకు ఎర్రరంగు పూసి, అక్కడ అప్పివ్వడం ప్రమాదమని ముద్ర వేసిన పటాలు గీసిందీ ఆ సంస్థే.

వేలం వల్ల అప్పిచ్చినవాడైనా బాగుపడతాడా అంటే అదీ లేదు. మసాచుసెట్స్‌లో ఇరవై ఏళ్ల అమ్మకాలను పరిశీలిస్తే, జప్తయిన ఇల్లు సగటున 27 శాతం తక్కువ ధరకు పోయింది. ఖాళీగా పడున్న ఆ ఇల్లు పక్కిళ్ల ధరను కూడా కిందికి లాగుతుంది.

అపోహ: నిధులు కేటాయిస్తే పని అయినట్టే.

అన్నిటికంటే ఖరీదైన భ్రమ ఇదే. హ్యాంప్ లెక్క బాగానే ఉంది. నెలకు 4,000 డాలర్లు సంపాదించే కుటుంబం 1,700 కడుతోందనుకోండి. వడ్డీని అవసరమైతే 2 శాతం దాకా దించి, గడువును 40 ఏళ్ల దాకా పెంచి, వాయిదాను ఆదాయంలో 31 శాతానికి, అంటే 1,240కి తేవాలి. ముప్ఫై, నలభై లక్షల కుటుంబాలకు మేలు జరుగుతుందన్నారు. 2016 చివరికి శాశ్వతంగా మారిన అప్పులు 16–17 లక్షలు. ఎందుకలా? పని అప్పగించింది వాయిదాలు వసూలు చేసే కంపెనీలకు. వాటికి ఒక్కో అప్పు మార్చినందుకు వచ్చే ప్రోత్సాహకం కంటే, ఆలస్య రుసుములూ జప్తు ఖర్చులూ వసూలు చేసుకోవడమే లాభం. కాగితాలు పోయాయనేవారు, మళ్లీ పంపమనేవారు. ఒక విభాగం దరఖాస్తు చూస్తుండగానే ఇంకో విభాగం వేలం తేదీ వేసేది. సొంతిల్లు తాకట్టు ఉన్న అప్పును తగ్గించే అధికారం దివాలా కోర్టుకు ఇద్దామన్న ప్రతిపాదన సెనేట్‌లో 2009 ఏప్రిల్ 30న 45–51 ఓట్లతో వీగిపోయింది. రైతు పొలం విషయంలో కోర్టుకు ఆ అధికారం 1986 నుంచీ ఉంది. సొంతిళ్ల విషయంలోనూ ఉంటే కంపెనీలు దారికొచ్చేవని నా నమ్మకం.

ఫిలడెల్ఫియా వేరే దారి పట్టింది. 2008లో అక్కడి కోర్టు, యజమాని కాపురముండే ఇంటిని వేలం వేయాలంటే ముందు రాజీ సమావేశం జరగాల్సిందేనంది. సిటీ హాలులోని కోర్టు గదిలో బల్లకు ఇటుపక్క ఇంటివారు, గృహరుణ సలహాదారు, అటుపక్క బ్యాంకు వకీలు. రానివాళ్ల తలుపులు తట్టి మరీ పిలుచుకొచ్చారు. ఫోన్లో ఏడాది తిరిగినా దొరకని మనిషి ఎదురుగా కూర్చుంటే, మాట తెమిలే వీలుంటుంది.

అపోహ: మారటోరియం అంటే మాఫీ.

కాదు. 2020లో అమెరికాలో ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి అప్పులకు ముందు 180 రోజులు, అడిగితే మరో 180 రోజులు విరామం ఇచ్చారు. అదే ఏడాది మార్చి నుంచి ఆగస్టు దాకా మన రిజర్వు బ్యాంకు ఇచ్చిందీ విరామమే. అమెరికాలో ఆగిన వాయిదాలను చాలా అప్పుల్లో గడువు చివరికి జరిపారు. మన దగ్గర వడ్డీ పెరుగుతూనే పోయింది. వడ్డీ మీద వడ్డీ వద్దనడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

అపోహ: బ్యాంకు నోటీసు వస్తే ఇల్లు పోయినట్టే.

తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకుని అమ్ముకోవడానికి బ్యాంకులకు వీలిచ్చే మన సర్ఫేసీ చట్టం కింద, 90 రోజులు బకాయి పడి ఖాతా మొండిబాకీ అయ్యాక, 60 రోజుల నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో బ్యాంకు జవాబు చెప్పాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. వేలంలో బాకీ, ఖర్చులు పోను మిగిలింది ఇంటివారిదే. ఇవన్నీ ఉన్నాయి, కానీ ఆ ట్రిబ్యునల్ కోసం ఆదిలాబాద్ మనిషి హైదరాబాద్ వచ్చి వకీలును పెట్టుకోవాలి. ఇంటిని ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించినప్పుడు, ఇంటివారిని పిలిచి వినాలన్న నిబంధన చట్టంలో లేదు. ప్రతి జిల్లాలో న్యాయసేవాధికార సంస్థ ఉంది, లోక్ అదాలత్ నడిపిన అనుభవం ఉంది. మేజిస్ట్రేట్ సంతకానికి ముందు బ్యాంకు అధికారి, ఇంటివారు అక్కడ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుని, వాయిదా తగ్గించే వీలుందో లేదో లెక్క వేసి రాతపూర్వకంగా చెప్పాలని చట్టంలో చేర్చవచ్చు. దీనికి వేల కోట్లు అక్కర్లేదు.