పులుపును తీపి చేసే పండు.. పెంచాలంటే ఓర్పు ఉండాలి
- ఉప్పునీరు, సున్నపు నేల ‘మిరాకిల్ ఫ్రూట్’కు గిట్టవు
- మధుమేహానికి మందు కాదు

కడియం (తూర్పుగోదావరి): ఒక చిన్న ఎర్రని పండును నోట్లో వేసుకుని, గుజ్జును నాలుకంతటికీ తగిలేలా చప్పరించి, ఆపై నిమ్మబద్ద కొరికితే తీయగా ఉంటుంది. చింతపండు సైతం బెల్లం కలిపినట్లు అనిపిస్తుంది. ఈ వింత పండును ఇచ్చే పొద మొక్కే ‘మిరాకిల్ ఫ్రూట్’. కడియం ప్రాంతపు నర్సరీల్లో విదేశీ మొక్కల నడుమ కనిపించే దీనిని ముచ్చటపడి కొనుక్కుపోయేవారు ఉన్నారు. అయితే దాని స్వభావం తెలియక ఏడాది తిరగకముందే పోగొట్టుకునేవారూ లేకపోలేదు.

సపోటాకు చుట్టమే

ఈ మొక్క పుట్టినిల్లు పశ్చిమాఫ్రికా. శాస్త్రీయ నామం సిన్‌సెపాలమ్ డల్సిఫికమ్. మనకు తెలిసిన సపోటా, ఇప్ప, పొగడ చెట్ల కుటుంబానికి చెందినదే. అక్కడివారు పులిసిన కల్లును, పులిసిన మొక్కజొన్న పిండి వంటకాలను తినేముందు ఈ పండును నమలడం 1725లోనే ఒక ఫ్రెంచి యాత్రికుని దృష్టికి వచ్చింది. పండులోని ‘మిరాక్యులిన్’ అనే మాంసకృత్తును 1968లో శాస్త్రజ్ఞులు వేరు చేశారు. ఇది నాలుకపై తీపిని గుర్తించే గ్రాహకాలను అంటిపెట్టుకుని, పులుపు తగలగానే వాటిని ప్రేరేపిస్తుందని జపాన్ పరిశోధకులు 2011లో వివరించారు. ఈ ప్రభావం సుమారు అరగంట నుంచి గంట, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉంటుంది. వేడి చేస్తే ఈ గుణం నశిస్తుంది.

మట్టే ప్రాణం

ఈ మొక్కకు ఆమ్ల గుణం గల నేల తప్పనిసరి. ఉదజని సూచిక 4.5 నుంచి 5.8 మధ్య ఉంటే ఏపుగా పెరుగుతుంది. సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నేలలో వేర్లు ఇనుమును తీసుకోలేవు. ఫలితంగా లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. ఈ కారణంగా నేలలో కంటే కుండీలో పెంచడమే మేలు. బాగా కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరి పొట్టు, మాగిన ఆకుల ఎరువు, కొద్దిపాటి ఇసుక కలిపి కుండీ నింపాలి. అడుగున నీరు నిలవకూడదు.

ఎక్కువ మంది పొరపడేది నీటి విషయంలోనే. ఉప్పు బోరునీరు పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. కాబట్టి వాన నీటిని పట్టి నిల్వ చేసుకోవడం శ్రేయస్కరం. మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి గానీ బురద కారాదు. వేసవి మిట్టమధ్యాహ్నపు ఎండ, వడగాలి తగలకుండా పలుచని నీడ కల్పించాలి. పిండినల్లి కనిపిస్తే వేపనూనెను నీటిలో కలిపి పిచికారీ చేయవచ్చు.

విత్తనం ఎండితే మొలవదు

ఒక్కో పండులో ఒకే గింజ ఉంటుంది. గుజ్జు తీసిన వెంటనే, తడి ఆరకముందే విత్తాలి. ఎండిన గింజ మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. అందుచేత దూరం నుంచి పొట్లాల్లో వచ్చే ఎండు విత్తనాలకు సొమ్ము వెచ్చించడం వృథా. మొక్క చాలా నెమ్మదిగా ఎదుగుతుంది. విత్తనం నుంచి కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. కొనేవారు ఇప్పటికే పూత లేదా పిందె ఉన్న మొక్కను ఎంచుకుంటే నిరీక్షణ తగ్గుతుంది. తెల్లని చిన్న పూలు, ముదురాకుపచ్చ ఆకులు, కాఫీ పండ్లను తలపించే ఎర్రని కాయలతో పెరటికి అందం తెస్తుంది.

ఆశలు హద్దుల్లో ఉంచుకోవాలి

కోసిన పండు రెండు మూడు రోజులకే పాడవుతుంది. కనుక కొనేవారెవరో ముందే నిర్ధారించుకోకుండా ఎకరాల లెక్కన వేయడం సాహసమే. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ 1974లో దీనిని తీపి పదార్థంగా అమ్మేందుకు అనుమతించలేదు. ఎండిన పండుకు ఐరోపా సమాఖ్య 2021లో అనుమతి ఇచ్చింది.

ఈ పండు రుచిని మారుస్తుందే తప్ప రక్తంలోని చక్కెరను తగ్గించే మందు కాదు. దీనిని నమ్మి మధుమేహ రోగులు మాత్రలు మానరాదు. నాలుకకు తీపి తోచినా నిమ్మలోని ఆమ్లం ఎక్కడికీ పోదు. తీయగా ఉంది కదా అని మితిమీరి తింటే పళ్లకు, కడుపుకు చేటు తప్పదు.