ముందు బిల్లు చూడండి, తర్వాత డాబా ఎక్కండి

ఇంటి మీద సోలార్ పెట్టించుకోవాలనుకునే వాళ్లు కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా మొదట అడిగేది ఒకటే: "ఎంతవుతుంది? ఎన్నాళ్లకు తిరిగొస్తుంది?" దీనికి జవాబు ప్యానెళ్ల ధరలో కంటే మీ ఇంటి కరెంటు బిల్లులోనే ఎక్కువగా ఉంది. అందుకే గడిచిన పన్నెండు నెలల బిల్లులు తీసి, ఏ నెల ఎన్ని యూనిట్లు కాలాయో ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. మిగతా లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

సర్కారు ఇచ్చేది ఎంత?

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 'పీఎం సూర్యఘర్' పథకాన్ని మొదలుపెట్టింది. కోటి ఇళ్లు లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల కేటాయింపు. ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అంతకన్నా పెద్దది పెట్టించుకున్నా 78,000 దాటదు. ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

పథకం పూర్తి పేరులో 'ముఫ్త్ బిజ్లీ' (ఉచిత కరెంటు) ఉంది కదా అని ప్యానెళ్లు ఉచితమనుకోవద్దు. ముందు డబ్బు మనమే కట్టాలి, లేదా బ్యాంకు అప్పు తీసుకోవాలి. పని పూర్తయి, అధికారులు తనిఖీ చేసి, ఇచ్చిన, తీసుకున్న కరెంటును లెక్కేసే నెట్ మీటర్ బిగించాకే సబ్సిడీ నేరుగా మన ఖాతాలో పడుతుంది.

మూడు ఇళ్లు, మూడు లెక్కలు

మొదటి ఇల్లు: సున్నా బిల్లు వచ్చేది. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి అర్హులైన రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. ఏడాది పొడవునా ఆ హద్దులోనే ఉంటే ఈ ఇంటికి సోలార్ వల్ల బిల్లులో మిగిలేది ఏమీ లేదు. అప్పు చేసి పెట్టించుకోవడం అనవసరం.

కానీ వేసవిలో ఒక నెల 220 యూనిట్లు కాలితే? అప్పుడు మొత్తం బిల్లూ కట్టాల్సిందే. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన గృహ ధరల ప్రకారం 200 దాటిన ఇంటికి తొలి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, ఆపై వందకు 7 రూపాయల 70 పైసలు. అంటే 220 యూనిట్లకు 1,174 రూపాయలు. ఆ ఇరవై యూనిట్లు తగ్గించడానికి సోలారే అక్కర్లేదు. పాత సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఒక్క ఫ్యాన్ మారిస్తే నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. ఈ ఇంటికి లక్షల ఖర్చు వద్దు, ఒక ఫ్యాన్ చాలు.

రెండో ఇల్లు: గృహజ్యోతి లేకుండా నెలకు 150 యూనిట్లు వాడేది. తొలి వందకు 3 రూపాయల 40 పైసలు, ఆపై యాభైకి 4 రూపాయల 80 పైసలు, మొత్తం 580 రూపాయలు. రెండు కిలోవాట్లకు 1,30,000 అయిందనుకుందాం. సబ్సిడీ పోగా 70,000. ఏడాదికి మిగిలేది సుమారు 7,000 కాబట్టి పెట్టుబడి తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. నష్టమేమీ లేదు, అలాగని తొందరా లేదు.

మూడో ఇల్లు: ఏసీ, ఫ్రిజ్, బోరు మోటారుతో నెలకు 300 యూనిట్లు కాల్చేది. బిల్లు 1,790 రూపాయలు, ఇతర చార్జీలు అదనం. మూడు కిలోవాట్లు నెలకు సగటున 300 యూనిట్లకు పైగా ఇస్తాయి. ఖర్చు 1,90,000 అనుకుంటే సబ్సిడీ పోగా 1,12,000. ఏడాదికి 21,000 పైచిలుకు మిగులుతుంది కాబట్టి అయిదేళ్లు దాటగానే పెట్టుబడి చేతికొస్తుంది. ప్యానెళ్ల కరెంటు ఉత్పత్తి మీద గ్యారంటీ సాధారణంగా 25 ఏళ్లు. 400 యూనిట్ల ఇంటికి ఇంకా లాభం. మూడు వందలు దాటిన యూనిట్ 9 రూపాయలు, నెల చివర మిగిలిన నికర యూనిట్లకే బిల్లు కాబట్టి ముందు తగ్గేవి ఈ ఖరీదైన యూనిట్లే.

చేతిలో డబ్బు లేకపోతే ప్రభుత్వ బ్యాంకులు మూడు కిలోవాట్ల దాకా పూచీకత్తు లేకుండా రెండు లక్షల వరకు అప్పిస్తున్నాయి. పది శాతం మనం పెట్టుకోవాలి. మూడో ఇంటికి 19,000 సొంతంగా కట్టి, వచ్చిన సబ్సిడీని అప్పులోకే జమ చేస్తే 93,000 మిగులుతుంది. ఏడు శాతం వడ్డీ అనుకుంటే పదేళ్లకు నెల వాయిదా సుమారు 1,080 రూపాయలు. పాత బిల్లు కంటే తక్కువే.

నెట్ మీటర్ చేసే పని

పగలు ప్యానెళ్లు ఇచ్చిన కరెంటు ముందు ఇంట్లో వాడకానికి పోతుంది, మిగిలింది లైనులోకి వెళుతుంది. రాత్రి మనం లైను నుంచి తీసుకుంటాం. నెట్ మీటర్ ఇచ్చినవీ తీసుకున్నవీ విడివిడిగా లెక్కేస్తుంది. మిగులు యూనిట్లు తర్వాతి నెలకు జమవుతాయి. అమ్ముకుందామన్న ఆశతో అవసరానికి మించి పెట్టించుకోవద్దు.

చాలామందికి ముందు తెలియని విషయం ఒకటుంది. కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి షాక్ కొట్టకుండా చేసిన ఏర్పాటు అది. కోతలప్పుడూ వెలుగు కావాలంటే బ్యాటరీ ఉండాలి, దాని ఖర్చు వేరు.

డాబా మీద చూసుకోవాల్సినవి

కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు నీడలేని చోటు కావాలి. ప్యానెళ్లు దక్షిణం వైపు వాలి ఉండాలి. మన ప్రాంతం 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, వాలు కూడా దాదాపు అంతే. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా దానితో కలిపిన వరుస మొత్తం ఉత్పత్తి తగ్గవచ్చు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు డాబా ఎక్కి నీడ ఎక్కడ పడుతుందో చాక్‌పీసుతో గీసి, ఆ తర్వాతే చోటు ఖాయం చేయండి.

వరికోతల దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది. పొద్దున్నే, అద్దం వేడెక్కకముందే నీళ్లతో కడగాలి. కోతుల బెడద ఉన్నచోట వైర్లను పైపుల్లోంచే తీయించండి. 2025 ఆగస్టు చివర్లో కురిసిన కుండపోతకు కామారెడ్డిలో కాలనీలు నీట మునిగాయి. అందుకే ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ను గోడకు ఎత్తులో బిగించమని చెప్పడం మరచిపోవద్దు.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లోనే చేయాలి. కామారెడ్డి జిల్లాకు విద్యుత్ సంస్థ ఎన్‌పీడీసీఎల్. బిల్లు మీద ఉన్న సర్వీస్ నంబర్ ఇచ్చి, పోర్టల్‌లో నమోదైన సంస్థల్లోంచే ఒకదాన్ని ఎంచుకోవాలి. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే దరఖాస్తూ వారి పేరునే. మన దగ్గర కొడుకు గల్ఫ్‌లో ఉండగా, మీటర్ ఇంకా చనిపోయిన తండ్రి పేరునే ఉన్న ఇళ్లు ఉన్నాయి. ముందు ఆ పేరు మార్పించుకోండి.

కనీసం ముగ్గురి దగ్గర రాతపూర్వకంగా ధర తీసుకోండి. అయిదేళ్ల నిర్వహణ బాధ్యత అందులో రాసి ఉందో లేదో చూడండి. "ఉచితంగా పెడతాం, ముందు అడ్వాన్స్ ఇవ్వండి" అన్నవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. మీ పన్నెండు నెలల సగటు 300 యూనిట్లకు చేరితే ధైర్యంగా ముందుకెళ్లండి. సున్నా బిల్లు వస్తుంటే సోలార్‌కు పెట్టే డబ్బు పిల్లల చదువుకో, ఇంటి మరో అవసరానికో ఉంచుకోండి.