వార్తల్లో పదం: గ్రేఫీల్డ్

వ్యాపారం సన్నగిల్లి, చుట్టూ విశాలమైన తారు పార్కింగుతో వెలవెలబోతున్న పాత షాపింగ్ కేంద్రాల స్థలాన్ని నగర ప్రణాళికా పరిభాషలో ‘గ్రేఫీల్డ్’ అంటారు. ఆ తారునేల బూడిదరంగే ఈ పేరుకు మూలం. కర్మాగారాల వ్యర్థాలతో కలుషితమైన ‘బ్రౌన్‌ఫీల్డ్’కూ, కట్టడమెరుగని ‘గ్రీన్‌ఫీల్డ్’కూ ఇది భిన్నం: ఇక్కడ నేల సాధారణంగా విషపూరితం కాదు, రోడ్డు, నీరు, విద్యుత్తు అప్పటికే ఉంటాయి కనుక ఊరి చివరి పొలాలను మింగకుండానే కొత్త ఇళ్లు కట్టవచ్చు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం లేక్‌వుడ్‌లో 1966లో తెరిచిన విల్లా ఇటాలియా మాల్ 2001లో మూతపడగా, దాన్ని చాలావరకు పడగొట్టి, సుమారు 104 ఎకరాల్లో వీధులు వేసి, దుకాణాలు, నివాసాలు, కార్యాలయాలతో ‘బెల్మార్’ అనే పేటను దశలవారీగా నిర్మించారు. దాని తొలి దశ 2004లో తెరుచుకుంది. ఇలా నివాసం, కొలువు, వ్యాపారం ఒకేచోట కలిసి ఉండటమే ‘మిశ్రమ వినియోగం’. కింద అంగడి, మేడ మీద ఇల్లు ఉండే తెలుగు ఊళ్ల పాత బజార్లను ఎరిగినవారికి ఇదేమంత వింత కాదు.

గ్రేఫీల్డును మార్చడమంటే కట్టడాలే కాదు, నీటి దారిని మార్చడం కూడా: సియాటిల్‌లోని నార్త్‌గేట్ మాల్ పార్కింగు కింద గొట్టంలో పారిన థార్న్‌టన్ వాగు నీటిని 2009 నాటికి మొక్కలతో నిండిన బహిరంగ కాలువలోకి మళ్లించి, వాననీటిలోని మలినాలు అక్కడే వడకట్టుకునేలా చేశారు. అయితే కూల్చివేతకూ, కొత్త కాంక్రీటుకూ అయ్యే కర్బన ఉద్గారాలను లెక్కలోకి తీసుకోకుండా ఏ ప్రాజెక్టునైనా ‘హరితం’ అనడం తొందరపాటే.

మిశ్రమ వినియోగం ఆలోచన మాల్‌లకు కొత్తదేమీ కాదు: 1956లో మినెసోటాలో తెరిచిన సౌత్‌డేల్ మాల్ చుట్టూ ఇళ్లు, బడి, పార్కు ఉండాలని రూపశిల్పి విక్టర్ గ్రూయెన్ ఆనాడే ప్రతిపాదించినా, చివరకు అక్కడ ప్రధానంగా నిలిచినవి మాల్, పార్కింగే.