ఇంటి కలపకు వడ్రంగిపిట్ట చేసే నష్టం: గుర్తింపు, నివారణ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కలప మీది రంధ్రాలను బట్టి పిట్ట ఎందుకు పొడిచిందో గుర్తించగలుగుతారు.
• పిట్టను బెదరగొట్టడానికీ, కలపను బాగుచేయడానికీ గల తేడాను వివరించగలుగుతారు.
• తుఫాను కాలానికి ముందే చేయవలసిన మరమ్మతులను వరుసక్రమంలో చెప్పగలుగుతారు.

ప్రవేశిక

పలాస, టెక్కలి ప్రాంతాల్లోనూ ఉద్దానం తీరంలోనూ పెంకుటిళ్లు, తాటాకు ఇళ్లు, తోటల్లో పాకలు ఇప్పటికీ కనిపిస్తాయి. వీటికి తాటి వాసాలు, కొబ్బరి రాటలు వాడటం మామూలే. అమెరికాలో చెక్క పలకల గోడలున్న ఇళ్లకు వడ్రంగిపిట్టల బెడద ఎక్కువ. మన గోడలు మట్టివో, ఇటుకవో కనుక ఆ దెబ్బ దూలాలు, వాసాలు, రాటల మీద పడుతుంది.

టెక్కలిలోని మా పెంకుటింట్లో ఒక ఏడాది చూరు వాసానికి వరుసగా చిల్లులు పడ్డాయి. నేను పిట్టను తిట్టుకుని, మెరిసే కాగితాలు కట్టించాను. వాసం చూడటానికి వచ్చిన వడ్రంగి మేస్త్రి ఉలి మొన ఆనించి నొక్కాడు. ఉలి బెత్తెడు లోతు దిగింది. వాసం లోపలంతా పిండి అయిపోయి ఉంది. పిట్ట చేసిన నష్టం అంగుళం, పురుగు చేసిన నష్టం బారెడు. ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

పిట్ట కలపను ఎందుకు పొడుస్తుంది?

మన తోటల్లో తరచుగా కనిపించేది బంగారు రంగు వీపు, ఎర్రని జుట్టు గల వడ్రంగిపిట్ట. దీని శాస్త్రీయ నామం డైనోపియం బెంగాలెన్స్. గట్టి తోక ఈకలను ఊతంగా ఆనించి నిలువు కాండం మీద నిలబడుతుంది. పొడవైన నాలుకతో చీమలను, పెంకుపురుగుల డింభకాలను బయటకు లాగి తింటుంది. అది కలపను పొడవడానికి మూడు కారణాలున్నాయి.

1. ఆహారం: అడ్డదిడ్డంగా చిన్న చిల్లులు, చీలిన పేళ్లు కనిపిస్తాయి. పురుగు తొలిచిన దారి వెంటే ఇవి సాగుతాయి. నల్ల తుమ్మెద తొలిచిన గుండ్రని రంధ్రాన్ని పిట్ట వెడల్పు చేయడం కూడా ఈ కోవలోదే.
2. గూడు: పిట్ట దూరేంత పెద్ద రంధ్రం ఒకటే ఉంటుంది. దాని కింద చెక్కపొట్టు రాలి ఉంటుంది. ఈ పని ఎక్కువగా ఫిబ్రవరి, జూలై నెలల మధ్య జరుగుతుంది.
3. చాటింపు: తన హద్దును తెలపడానికీ, జతను పిలవడానికీ బాగా మోగే ఎండుకర్ర మీద వేగంగా కొడుతుంది. గుంటలు లోతు ఉండవు. కలప చెడిపోయిందనడానికి ఇవి గుర్తు కావు.

మన కలపలో బలహీనత ఎక్కడ?

టేకు వంటి చెట్లలో చేవ కాండం నడుమ ఉంటుంది. తాటి, కొబ్బరి ఏకదళబీజ వృక్షాలు. వీటిలో గట్టితనం అంచున ఉంటుంది, నడుమ మెత్తన. మొదలు కంటే తల వైపు ఇంకా మెత్తన. అందువల్ల తల భాగం నుంచి కోసిన వాసం, నడిభాగం కలిసిన దుంగ త్వరగా పుచ్చిపోతాయి. పైన గట్టి పొర నిలిచే ఉండటం వల్ల లోపలి పుచ్చు కంటికి కనబడదు. కొబ్బరి రాటను శుద్ధి చేయకుండా నేలలో పాతితే కొద్ది ఏళ్లకే మొదలు కుళ్లుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పెద్ద ఎత్తున నేలకూలాయి. అటువంటి గాలికి ఇంటి కప్పు నిలబడాలంటే వాసం, దూలం, రాట మూడూ గట్టిగా ఉండాలి. ఫాల్గుణంలో పిట్ట చూపిన చిల్లును మీరు పట్టించుకోకపోతే ఆశ్వయుజంలో గాలి దాన్ని పరీక్షిస్తుంది.

చేయవలసిన పనులు

ముందుగా చిల్లు చుట్టూ మూరెడు దూరం వరకు సుత్తితో తట్టి చూడండి. బోలు శబ్దం వచ్చినచోట ఉలి మొన ఆనించి నొక్కండి. సులువుగా దిగితే అది మార్చవలసిన కర్ర. పైకి లక్క పూసి, రంగు వేసి ఊరుకోవడం ప్రమాదకరం.

కర్ర గట్టిగా ఉంటే రంధ్రంలోని పొట్టు తీసి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణాన్ని పట్టించి ఆరనివ్వండి. ఈ మందు వానకు కడుక్కుపోతుంది కనుక చూరు లోపలి కలపకే పనికివస్తుంది. తరువాత చెక్కముక్కను జిగురుతో బిగించి మూసివేయండి. రాటలను నేలలో పాతకుండా రాతి దిమ్మ మీద నిలిపి, ఇనుప పట్టీతో బిగించాలి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు ఉన్నందున రాయి దొరకడం కష్టం కాదు.

పిట్ట కేవలం చాటింపు కోసమే వస్తుంటే బెదరగొట్టడం చాలు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల పరిశోధకులు ప్లాస్టిక్ గుడ్లగూబలు, శబ్దాలు మొదలైన ఆరు పద్ధతులను పోల్చి చూశారు. గాలికి ఊగే మెరుపు పట్టీలే కొంత నిలకడగా పనిచేశాయి. అయితే లోపల పురుగు ఉన్నంతకాలం ఏ పట్టీ కట్టినా ప్రయోజనం తక్కువ.

చట్టం, తోట

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వడ్రంగిపిట్టను చంపడం, దాని గుడ్లను, గూడును చెదరగొట్టడం నేరం. గూటిలో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగి, తరువాతే రంధ్రం మూయాలి. ఈలోగా ఆ వాసానికి ఊతకర్ర పెట్టండి.

కుళ్లిన కొబ్బరి మొండేలలో కొమ్ముపురుగు పెరుగుతుంది కనుక వాటిని తొలగించవలసిందే. దానికి బదులు ఇంటికి దూరంగా ఉన్న వేప, చింత వంటి చెట్టు ఎండుకొమ్మను మనుషుల మీద పడే ప్రమాదం లేనిచోట ఉంచండి. పిట్టకు అది చాలు. కాండం తొలిచే పురుగులను తినే పిట్ట తోటలో ఉండటం రైతుకు మేలు.

సారాంశం

వడ్రంగిపిట్ట చిల్లు చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు లక్షణం. చిల్లు ఆకారం కారణాన్ని తెలుపుతుంది, ఉలి పరీక్ష తీవ్రతను తెలుపుతుంది. మరమ్మతు తుఫాను కాలానికి ముందే పూర్తి కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆహారం కోసం చేసిన రంధ్రానికీ, గూడు రంధ్రానికీ తేడాలు రాయండి.
2. తాటి వాసంలో పుచ్చు పైకి ఎందుకు కనబడదు?
3. మీ ఇంటి లేదా పొరుగింటి వాసాలను తట్టి చూసి, ఎక్కడెక్కడ బోలు శబ్దం వచ్చిందో పటం గీసి చూపండి.