సన్‌రూఫ్ కారితే మొదట చూడాల్సింది పైపు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సన్‌రూఫ్ కారుతోందన్న సంగతి చాలామందికి నవంబరులో తెలుస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ వాన చుక్క అరుదు. జూన్ తర్వాత పడేవి ఎక్కువగా సాయంత్రపు జల్లులు, కాసేపు కొట్టి వెళ్లిపోతాయి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగి, బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పుట్టాక మాత్రం రాత్రంతా వదలకుండా కురుస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, 2022 డిసెంబరులో మాండూస్ తుపానుకు, మరుసటి డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు అలాగే కురిసింది. అన్ని నెలలు ఎండకు మాడి, దుమ్ము పట్టి ఉన్న సన్‌రూఫ్‌కు ఆ వానే అసలు పరీక్ష. తెల్లారి తలుపు తీస్తే సీటు తడిగా ఉంటుంది, టాప్ లైనింగ్ మీద టీ రంగు మరక కనిపిస్తుంది.

షెడ్డుకు తీసుకెళ్తే తరచుగా వినిపించే మాట ఒకటే: ‘బీడింగు పోయింది సార్, మార్చాల.’ మార్చేముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి. అద్దం చుట్టూ ఉండే ఆ రబ్బరు బీడింగు నీళ్లను పూర్తిగా ఆపేలా తయారైంది కాదు. కొత్త కారులో కూడా దాన్ని దాటుకుని కొంత నీరు లోపలికి దిగుతుంది, దిగుతుందని తెలిసే తయారు చేస్తారు. అద్దం కింద చుట్టూ ఒక ట్రే ఉంటుంది. ఆ నీరు అందులో పడి, మూలల్లో ఉన్న రంధ్రాల గుండా సన్నని పైపుల్లోకి పోతుంది. చాలా కార్లలో ఇవి నాలుగు. ముందువి రెండూ ముందు అద్దం పక్కనుండే పిల్లర్లలో దిగి తలుపు కీళ్ల దగ్గరో, ఫెండర్ లోపలో బయటపడతాయి. వెనకవి వెనక పిల్లర్లలో దిగి బంపర్ వైపో, చక్రం వెనకో తేలుతాయి. మిద్దె మీద వాననీటి గొట్టానికి ఆకులు అడ్డం పడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. నీళ్లు నిలుస్తాయి, ట్రే అంచు దాటుతాయి, లైనింగ్‌లోకి ఇంకుతాయి. కాబట్టి పాత కారులో సన్‌రూఫ్ కారుతోందంటే, లోపలికి దిగిన నీరు బయటికి పోయే దారి మూసుకుపోయిందేమోనని ముందు అనుమానించాలి. రబ్బరు సంగతి ఆ తర్వాత.

ఆ దారిని మూసేవి మన చెట్లే. ఎండ తప్పించుకోవడానికి కారును చింత చెట్టు కింద పెడతాం. వేపాకైనా మామిడాకైనా అద్దం మీద ఆగిపోతుంది, చేత్తో తీసేయొచ్చు. చింతాకు అలా కాదు. రాలిన ఒక్కో రెక్కా గోరంత ఉండి, బీడింగు సందులోంచి జారి నేరుగా ట్రేలోకి పోతుంది. వేపపూత కూడా అంతే. మామిడి తోటల వాళ్లకు ఇంకో బాధ ఉంది. పూత మీద తేనెమంచు పురుగు చేరినప్పుడు ఆ చెట్టు కింద ఆపిన కారు మీద సన్నటి జిగురు కురుస్తుంది. దాని మీద దుమ్ము అంటుకుని, మసిలాంటి నల్ల పొర కడుతుంది. పాత కారు ట్రే మూలలో వేలు పెట్టి చూస్తే చింతాకు, దుమ్ము, ఈ జిగురు కలిసి ముద్దగా వస్తాయి. కొసన రంధ్రం ఎక్కడుందో కూడా కనపడదు.

అయితే కారులో తడి కనపడ్డంత మాత్రాన సన్‌రూఫ్ మీద నింద వేయకూడదు. ముందు సీటు కింద మ్యాట్ తడిసిందంటే అది ఏసీ నీళ్లు కావచ్చు. ఏసీ నుంచి నీరు బయటికి పోయే చిన్న గొట్టం పూడుకుంటే ఆ నీరు లోపలికే వస్తుంది. వాన లేకుండా, ఏసీ వేసిన రోజుల్లో మ్యాట్ తడిస్తే అనుమానం అటు పోవాలి. వాన పడ్డాకో, వాటర్ వాష్ అయ్యాకో మాత్రమే తడిస్తే ఇటు. ముందు అద్దం అంచు, యాంటెన్నా అడుగు, పైన క్యారియర్ బిగించిన బోల్టులు, తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు కూడా కారే చోట్లే.

తేల్చుకోవడానికి పరీక్ష సులువు, ఖర్చు లేదు. కారును చదునైన చోట పెట్టి, సన్‌రూఫ్ పూర్తిగా తెరిచి, ట్రేని మెత్తటి గుడ్డతో తుడవాలి. తర్వాత ముందు మూలల్లో ఒక్కోదాంట్లో అర గ్లాసు నీళ్లు మెల్లగా పోసి, ఇంకొకరిని కింద చూడమనాలి. వెంటనే ధారగా కారితే ఆ పైపు బాగున్నట్టు. చుక్క చుక్కగా వస్తే సగం పూడింది. ట్రేలోనే నిలిస్తే పూర్తిగా పూడింది. పోసిన నీరు ట్రేలోంచి మాయమై కింద రాకపోతే అది అన్నిటికన్నా చెడ్డ సంకేతం. పైపు ఎక్కడో ఊడిపోయి ఉంటుంది, ఆ నీరు లైనింగ్ వెనక్కి పోతున్నట్టు. వెంటనే పోయడం ఆపేయాలి. వెనక రంధ్రాలు చాలా బళ్లలో చేతికి అందవు. కారు ముక్కు పైకి ఉండేలా వాలులో నిలిపి పోస్తే నీరు వాటి దగ్గరికి చేరుతుంది.

వాలు ప్రభావం మన ప్రాంతంలో బాగా తెలుస్తుంది. తిరుమలకు ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు. ఎక్కేటప్పుడు ట్రేలోని నీరంతా వెనక్కి చేరుతుంది. దిగేది 1944 నాటి మొదటి ఘాట్, 36 హెయిర్‌పిన్ మలుపులు. దిగేటప్పుడు నీరు ముందుకొస్తుంది. ప్రతి మలుపు దగ్గరా బ్రేక్ తొక్కితే ఆ నీరు ఒక్కసారిగా ముందు అంచు మీదికి ఎగసి, లోపలి లైటు సందులోంచి నడిపేవాళ్ల మీద పడుతుంది. ఎక్కేటప్పుడు వెనక సీటు తడిస్తే వెనక పైపులు, దిగేటప్పుడు ముందు తడిస్తే ముందు పైపులు అని గుర్తుపెట్టుకుంటే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. భాకరాపేట ఘాట్‌లోనూ లెక్క ఇదే.

శుభ్రం చేయడంలో జరిగే పెద్ద పొరపాటు ఎయిర్ గన్. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్‌తో పైనుంచి గట్టిగా కొడితే అడ్డం పోవచ్చు. కానీ పదేళ్ల పైపు, ట్రేకు అతికి ఉన్న చోట ఊడిపోవచ్చు కూడా. ఊడిందని ఆ రోజు తెలియదు, తర్వాతి వానకు తెలుస్తుంది. అప్పుడు టాప్ లైనింగ్ మొత్తం దించాలి. జీఐ తీగ పెట్టి పొడిచినా పైపు చిల్లు పడుతుంది. గడ్డి కోసే మిషన్‌కు వేసే నైలాన్ దారం ఈ పనికి బాగుంటుంది. కొసను మంటకు చూపి గుండ్రంగా చేసి, మెల్లగా తిప్పుతూ దించాలి. అడ్డం తగిలితే తోయకుండా వెనక్కి లాగి, గోరువెచ్చని సబ్బునీళ్లు కొద్దిగా పోసి, కాసేపు నాననిచ్చి మళ్లీ ప్రయత్నించాలి. కింది కొస అందితే అక్కడ వాక్యూమ్ క్లీనర్ పెట్టి పీల్చడం ఇంకా మంచిది, పైపు కీలు మీద ఒత్తిడి పడదు. కొన్ని కార్లలో ఆ కొసకు పెదవుల్లాంటి రబ్బరు మూత ఉంటుంది. దానికి మట్టి పట్టి అతుక్కుపోతే పైన ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు. వేళ్లతో నొక్కి విడదీయాలి.

నాలుగు పైపులూ బాగా పారుతున్నా కారుతోందంటే అప్పుడు బీడింగు వంతు. దాన్ని సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. ఇంజిన్ ఆయిల్, పెట్రోలు, వాజలీన్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. ఒక కాగితం ముక్కను అంచున పెట్టి అద్దం మూసి లాగితే చుట్టూ ఒకే బిగువు తగలాలి. ఒకచోట సులువుగా జారితే అక్కడ అద్దం ఎత్తు సరిచేసుకోవాలి, పక్కన స్క్రూలు ఉంటాయి. చిరిగిపోయిన బీడింగును మార్చక తప్పదు. చుట్టూ సిలికాన్ సీలెంట్ పూసి అద్దాన్ని శాశ్వతంగా మూసేయడం మాత్రం చికిత్స కాదు. ఏ చిన్న సందు మిగిలినా నీరు దిగుతుంది, కింద పైపు పూడే ఉంటుంది, ఆ పైన మోటారు అనుకోకుండా తిరిగితే యంత్రాంగమే విరుగుతుంది.

బాగున్న సన్‌రూఫ్‌కైనా ఒక హద్దు ఉంది. 2023లో ఒక స్కార్పియో-ఎన్‌ను జలపాతం కింద ఆపితే లోపలికి నీళ్లు కారిన వీడియో దేశమంతా తిరిగింది. తర్వాత కంపెనీ మరో బండిని జలపాతం కిందే నిలిపి, కారడం లేదని వీడియోలో చూపించింది. ఆ వివాదం ఎలా ఉన్నా, పైపుల్లో పోగలిగే దానికన్నా ఎక్కువ నీరు ట్రేలో పడితే ఏ బండైనా కారుతుంది. వాటర్ వాష్‌లో జెట్‌ను దగ్గరగా పెట్టి ఆ అంచునే కొట్టవద్దని ముందే చెప్పడం మంచిది.

కారడం ఆగినంత మాత్రాన పని అయిపోదు. కార్పెట్ కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, పైన చేయి పెడితే పొడిగా తగిలినా అడుగున రోజుల తరబడి నీరు పట్టి ఉంటుంది. చాలా కార్లలో వైర్ల కట్టలు, కనెక్టర్లు ఆ దారినే వెళ్తాయి. వాటికి పచ్చని తుప్పు పడితే సెంట్రల్ లాక్ దానంతట అదే పడటం, లైట్లు వెలగకపోవడం మొదలవుతుంది. సీట్లు తీసి, కార్పెట్ లేపి, ఎండలో ఆరబెట్టాలి. పిల్లర్ల కవర్లు మాత్రం ఇంట్లో పీకవద్దు. చాలా బళ్లలో పైకప్పు అంచున కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి, బ్యాటరీ తీసేసి, తెలిసినవాళ్లే విప్పాలి.

2014 హోండా సిటీ, 2015లో మార్పులతో వచ్చిన ఎక్స్‌యూవీ 500 లాంటి సన్‌రూఫ్ బళ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. ఏపీ 03 నంబరుతో ఉన్న అలాంటి బండిని ఎండాకాలంలో చూస్తే లోపం కనపడదు. ముందు మ్యాట్లు లేపి ముక్కు దగ్గర పెట్టుకోండి, స్టెప్నీ గుంతలో చేయి పెట్టి చూడండి, మూలల్లో లైనింగ్ రంగు గమనించండి. పాత మోడల్‌కు పైకప్పు కోసి బయట సన్‌రూఫ్ పెట్టించి ఉంటే, అసలు పైపులు బిగించారా, వాటి కొసలు ఎక్కడ తేలాయి అని అడగండి. ఆ తర్వాత అమ్మేవాళ్ల ఎదుటే ముందు మూలల్లో అర గ్లాసు చొప్పున, వెనకవాటి కోసం బండిని వాలులో నిలిపి మళ్లీ నీళ్లు పోసి చూడండి.